నెలకు 4,500ల హన్మకొండల తిండి ఎల్లుతదా?

గోదారిగట్టు
సోమవారం, రాత్రి 10:12

అందరికి నమస్తే. మాది ఏటూరునాగారం దిక్కు. గ్రూప్-2 కోచింగ్ కోసం హన్మకొండ వచ్చి పన్నెండు రోజులైంది. నైంనగర్‌ల మా పెద్దమ్మ బిడ్డతోని కలిసి ఒక్క రూం తీసుకున్నం. బాపు నెలకు పది వేలు పంపుతా అన్నడు. కిరాయిల నా వంతు 3,000, కోచింగ్ కిస్తీ, రీడింగ్ హాలు, పుస్తకాలు తీసేస్తే తిండికి మిగిలేది 4,500.

నిన్న రాత్రి కూసోని లెక్క రాసిన. పన్నెండు రోజులకు 2,940 అయినయి. రోజుకు 245. గిట్లనే నడిస్తే పద్దెనిమిది రోజులకే పైసలు ఒడుస్తయి. మిగిలిన పన్నెండు రోజులు భద్రకాళి చెరువు గాలి తినాలె.

పొద్దుగాల ఇడ్లీ లేకపోతే పూరి 40, పగటీలి మీల్స్ 110, మాపటీలి చాయ్, మిర్చి 25, రాత్రి ఎగ్ ఫ్రైడ్ రైస్ గాని రెండు చపాతీలు గాని 70. ఇండ్ల ఏది తీసేయాలె?

ఇంకో ముచ్చట. చౌకగ ఉండే మెస్సులల్ల మొత్తం మొగపిల్లలే. పొయ్యి కూసుంటే అందరు పళ్లెం ఇడిసిపెట్టి నన్నే చూస్తున్నట్టు అనిపిస్తది. అందుకే ఫ్యామిలీ హాల్ ఉన్న హోటల్‌కు పోతున్న, ఆడ రేటెక్కువ. జర తొవ్వ చెప్పుండ్రి.

మడికొండ ఆటో
సోమవారం, రాత్రి 10:31

చెల్లె, 110 పెట్టి ఫుల్ మీల్స్ ఎందుకు తింటున్నవ్? ప్లేట్ మీల్స్ అని అడుగు, 70, 80కి వస్తది. ఫుల్ మీల్స్‌ల అన్నం మళ్ల మళ్ల పెడతరు. నువ్వు రెండోసారి పెట్టిచ్చుకుంటవా? పెట్టిచ్చుకోవు. మేం మూడుసార్లు పెట్టిచ్చుకుంటం. మేం తిన్న అన్నానికి నువ్వు పైసలు కడుతున్నట్టు.

ఇంకోటి, ఒంటిగంటకు ఆటోలు వరుసగ ఆగిన కాడ తిను. మేం రోజు తినేటోళ్లం. ఒక్కరోజు కడుపు నొచ్చినా మర్నాడు అటు పోం. బోర్డు చూసి పోవుడు కాదు.

గోదారిగట్టు
సోమవారం, రాత్రి 10:38

అన్నా, ప్లేట్ మీల్స్ అడిగితే మా హోటలాయన "లేదమ్మా, ఫుల్లే" అంటడు. బోర్డు మీద మాత్రం రాసి ఉన్నది.

మడికొండ ఆటో
సోమవారం, రాత్రి 10:40

కూసోని అడిగితే గట్లనే అంటరు. కౌంటర్ కాడ నిలబడి టోకెన్ తీసుకునేటప్పుడే అడుగు. కూసున్నంక లేచిపోరని వాళ్లకు ఎర్క.

పల్నాడు టు కాజీపేట
సోమవారం, రాత్రి 11:05

అమ్మా, నేను రైల్వేలో పనిచేస్తాను, పదేళ్లుగా కాజీపేటలోనే ఉంటున్నాను. ఇంట్లోవాళ్లు ఊళ్లో ఉన్న నాలుగేళ్లు మెస్సుల మీదే బతికాను కాబట్టి చెబుతున్నా.

మెస్సులో కూర్చోవడం ఇబ్బందిగా ఉంటే పార్సిల్ తెచ్చుకోండి. మీరు ఇద్దరున్నారు కదా. ఒక పార్సిల్ మీల్స్ ఇద్దరు ఆడపిల్లలకి సరిపోతుంది. కూర్చున్నవాడికి మారు వడ్డించాలి, పార్సిల్‌కి ఆ పని లేదు కాబట్టి మొదటే అన్నం దట్టంగా కడతారు. అన్నం కొంచెం చాలకపోతే విడిగా అన్నం ఒక్కటే 20కి ఇస్తారు.

కూపన్ల పుస్తకం కొంటే ఇంకా తగ్గుతుంది. నేను ముప్పై కూపన్లు 2,100కి కొనేవాడిని, పూటకి 70 పడేది. కానీ కొనేముందు రెండు అడగాలి. ఎన్ని రోజుల్లో వాడేయాలి? ఊరెళ్తే మిగిలినవి చెల్లుతాయా? నేను అడగలేదు. దసరాకి వెళ్లి వచ్చేసరికి తొమ్మిది కూపన్లు గడువు దాటిపోయాయి. 630 రూపాయలు. ఇప్పటికీ ఆ వీధిలోకి వెళ్తే గుర్తొస్తుంది.

మరీ జేబు ఖాళీ అయిన రోజు రైల్వే వాళ్ల 20 రూపాయల ఎకానమీ మీల్ ఉంది. ఏడు పూరీలు, బంగాళదుంప కూర, పచ్చడి. జనరల్ బోగీలు ఆగే చోట కౌంటర్ పెడతారు.

బల్లకింది పిల్లి
సోమవారం, రాత్రి 11:09

ఇరవై రూపాయల పూరి తినడానికి పది రూపాయల ప్లాట్‌ఫాం టికెట్ కొనుక్కోవాలె. నైంనగర్ కెల్లి కాజీపేటకు ఆటో ఇరవై. రాను ఇరవై. మొత్తం డెబ్బై. మెస్సే నయం సార్.

మడికొండ ఆటో
సోమవారం, రాత్రి 11:11

ఆటో తీసుకోమను, నాకేం బాధ లేదు 😀

సుబేదారి అక్క
మంగళవారం, ఉదయం 6:20

చెల్లె, వీళ్లంత మొగోళ్లు. ఏ హోటల్ అగ్గువ అని చూస్తరు గాని అన్నం ఎందుకు కొనాలె అని ఒక్కలు అడుగుతలేరు.

నేను బీఈడీ చదివేటప్పుడు ఇద్దరం ఒక రూంల ఉన్నం. కూర కొన్నం, చాయ్ కొన్నం, అన్నం మాత్రం ఎన్నడు కొనలె. బయట ఇరవై పెడితే వచ్చే అన్నం రూంల వండుకుంటే గుప్పెడు బియ్యం. మీ ఇంట్ల రేషన్ కార్డు ఉంటది కద? 2025 ఉగాది సంది మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నరు, పైస లేకుంట. నువ్వు ఊర్లె లేవు, నీ వంతు ఆరు కిలోలు ఇంట్ల ఎవలు తింటున్నరు? బాపును ఒక సంచి కట్టి బస్సుల వేయమను. నువ్వు పొయ్యి తెచ్చుకున్నా ఆధార్ కార్డు చూపెడితే ఆడోళ్లకు పల్లెవెలుగుల, ఎక్స్‌ప్రెస్‌ల టికెట్ లేదు.

చిన్న రైస్ కుక్కర్ కొనుండ్రి. మీ అక్కది సగం, నీది సగం. అండ్ల అన్నం ఒక్కటే కాదు, పైన జాలి గిన్నెల రెండు కోడిగుడ్లు ఉడుకుతయి, రెండు ఆలుగడ్డలు ఉడుకుతయి. ఉడికిన ఆలుగడ్డల ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, నిమ్మకాయ పిండి పిసుకు. ఇంటికెల్లి తొక్కు తెచ్చుకో. పచ్చిపులుసుకైతే పొయ్యే అక్కర లేదు. చింతపండు నానబెట్టి పిసికి, ఉల్లిగడ్డ, ఉప్పు, జీలకర్ర, కారం, కొత్తిమీర. మాడిన మిరపకాయ లేకపోతే రుచి రాదని మా అత్త అంటది, రూంల ఉండేటోళ్లకు గంత రుచి అక్కర లేదు.

పప్పు, కూర మాత్రం బయట కర్రీ పాయింట్‌ల కొనుండ్రి. రెండు కప్పులకోసం గ్యాసు, కుక్కర్, తాళింపు, బోళ్లు తోముడు పెట్టుకుంటే చదువెప్పుడు చదువుతరు?

మూడు పోర్షన్లు
మంగళవారం, ఉదయం 8:02

ఇంటి ఓనర్‌గ ఒక మాట. రూంల రైస్ కుక్కర్ పెట్టొద్దని మేమనేది పిసినారితనం కాదు. మా ఇంట్ల మూడు పోర్షన్లకు ఒక్కటే మీటర్. 200 యూనిట్లు దాటకుంటే జీరో బిల్లు, ఒక్క యూనిట్ దాటినా మొత్తం కట్టాలె. ఒగలు కుక్కర్, ఒగలు ఇండక్షన్, ఒగలు హీటర్ రాడ్ పెడితే మీటర్ గిర్ర తిరుగుతది.

సుబేదారి అక్క
మంగళవారం, ఉదయం 8:25

అన్నా, హీటర్ రాడును, కుక్కర్‌ను ఒక్క తీరుగ కొలవకు. 700 వాట్ల కుక్కర్ అరగంట నడిస్తే మూడోవంతు యూనిట్ కాలుతది. రోజుకు ఒక్కసారి పెడితే నెలకు పదకొండు యూనిట్లు. యూనిట్‌కు పది చొప్పున ఇచ్చినా 110. ముందుగాల్నే మాట్లాడుకోని పైసలిస్తే అయిపోతది.

మూడు పోర్షన్లు
మంగళవారం, ఉదయం 8:31

అడిగి పెట్టుకుంటే నేనెందుకు వద్దంట. దుప్పటి కింద దాచిపెట్టి వండుతరు, గదే భయం. ఒకసారి మా ఇంట్ల పరుపు కాలింది.

నాలుగు గిన్నెలు
మంగళవారం, మధ్యాహ్నం 3:40

కర్రీ పాయింట్ ముచ్చట వచ్చినంక నేను మాట్లాడకపోతే ఎట్ల. కేయూ (కాకతీయ యూనివర్సిటీ) క్రాస్ రోడ్డు దిక్కు పదకొండేండ్ల సంది నడుపుతున్న. షాపు పేరు చెప్ప, అడ్వర్టైజ్‌మెంట్ అంటరు. ఇప్పుడు గిన్నెలు తోముతున్నరు, రెండు గంటలు ఖాళీ.

మా దగ్గర కప్పు 30. రెండు వందల గ్రాముల గరిటె. అందరు ఆలుగడ్డ వేపుడు, దొండకాయ వేపుడు అడుగుతరు. మాకు మిగిలేది దాని మీదనే. పప్పు మీద మిగిలేది తక్కువ. కందిపప్పు ధర ఎప్పుడు దిగింది గనుక? అందుకే వేపుళ్లు కౌంటర్ ముంగట పెడతం, పప్పు గిన్నె ఎన్కకు పెడతం. ఈ మాట మా ఆమె చదివితే నన్ను తంతది. నువ్వు మాత్రం చేయి చాపి పప్పే అడుగు. పుంటికూర పప్పు, పాలకూర పప్పు, టమాట పప్పు. అదే 30కి నీ కడుపుకు ఎక్కువ పని చేస్తది.

పెద్ద సిలిండర్, 19 కిలోలది, నాకు ఐదు రోజులు వస్తది. ఇంటి సిలిండర్ హోటల్ల వాడొద్దు, పట్టుకుంటే కేసు. వాడేటోడు వాడుతనే ఉంటడు, వాని కప్పు 20. నాకు 20కి ఎందుకు రాదంటే గిదొక్కటి. 2023 జులైల టమాట కిలో నూటయాభై దాటింది యాదికున్నదా? మేం రేటు పెంచలె, టమాట తగ్గిచ్చి చింతపండు పెంచినం. ఎవ్వలు అడగలె. ఒక్క ముసలాయన మాత్రం "ఏంది బిడ్డా, మీ గిన్నెలన్ని పులుసులే అయినయి" అన్నడు.

కూర ఎప్పటిదో పట్టుకునుడు ఎట్లనో చెప్త. గిన్నె అంచు చూడు. ఇప్పుడే దింపిన కూర అంచుకు నూనె తడి ఉంటది. పొద్దుటిదైతే కూర మట్టం దిగిన కాడ ఎండి గోధుమ రంగు గీత పడతది. ఆ గీత కింద ఇంకో గీత ఉంటే రెండుసార్లు వేడి చేసినట్టు. ఇంకోటి, పగటీలి ఆలుగడ్డ కూర మాపటికి కుర్మా అయితది. అందరం చేస్తం, నేను గూడ చేసిన. మూడు గంటలకు ఫ్రిజ్‌ల పెట్టి చేస్తే బాధ లేదు, పొయ్యి పక్కన పెట్టి చేస్తేనే. రాత్రి కుర్మా ఉన్నదంటే పగటీలి ఏం మిగిలిందో అర్థం చేసుకో.

పగటీలి పన్నెండున్నర, మాపటీలి ఏడున్నర, గీ టైముల రా. తొమ్మిదిన్నర దాటితే నేను 20కే ఇస్త, పప్పు, చారు ఉంటే తీసుకో, కొబ్బరేసినవి తీసుకోకు.

స్టీలు డబ్బా తెచ్చుకో. ఉడుకుడుకు సాంబారు పల్చటి కవర్ల పోసుడు నాకే నచ్చది. కవరు 120 మైక్రాన్ల మందం ఉండాలని రూలు. ముప్పై రూపాయల కూరకు గంత మందం కవరు ఎవడిస్తడు? డబ్బా తెచ్చినోళ్లకు మా పోరడు గరిటె మీద ఇంకింత పోస్తడు. నేను చెప్పలె, వానికే అలవాటైంది. కవరుకు గాలి ఊది ముడేసే పని తప్పింది కద.

పల్నాడు టు కాజీపేట
మంగళవారం, సాయంత్రం 5:15

అన్నీ బాగానే చెప్పారు గానీ మీ పుంటికూర పప్పులో కారం ఏదండీ? మా గోంగూర పప్పు ఒక్క ముద్ద తింటే...

నాలుగు గిన్నెలు
మంగళవారం, సాయంత్రం 5:22

సారూ, పుంటికూరకు పులుపే అందం. కారం కావాలంటే మీ గుంటూరు కాయ ఉన్నది. మా చపాట మిర్చికి రంగెక్కువ, కారం తక్కువ, దానికి జీఐ గుర్తింపు గూడ వచ్చింది. చూస్తే టమాటలెక్క ఉంటది. నా కూరలు ఎర్రగుండేది దాంతోనే. రంగు డబ్బా తెచ్చి కలిపేటోళ్లు వేరే ఉన్నరు. కూర తిన్నంక చేయి కడుక్కుంటే గోళ్ల సందుల గులాబి రంగు పోకపోతే అది చపాట కాదు.

బల్లకింది పిల్లి
మంగళవారం, రాత్రి 11:50

నవ్వులు పక్కకు పెడితే, గోదారిగట్టు, నువ్వు రాత్రిపూట ఫ్రైడ్ రైస్ అని రాసినవ్ చూడు, అది ఆపెయ్. పోయిన ఎండకాలం నేను, మా రూమ్మేట్ ఒక బండి కాడ రాత్రి పదిన్నరకు సింగిల్ ఎగ్ రైస్ తిన్నం. ఉడుకుడుకు, పొగలు వస్తున్నయి. ఒంటిగంటకు నాకు కక్కులు మొదలు, రెండింటికి వానికి. తెల్లారేదాక బకెట్ మధ్యల పెట్టుకోని ఇద్దరం ఎదురెదురుగ కూసున్నం. రెండు సెలైన్లు, సూదులు, గోలీలు కలిపి 1,600. అరవై రూపాయల రైస్. ఉడుకుడుకు తిన్నం కద, ఎట్లయిందో నాకిప్పటికి సమజ్ కాలె.

నైట్‌డ్యూటీ
బుధవారం, ఉదయం 4:35

ఉడుకుడుకు తిన్నా ఎందుకు అయితదో చెప్త, దవాఖాన డ్యూటీల కొంచం సందు దొరికింది. ఎండకాలం ఇసొంటి కేసులు మాకు వస్తనే ఉంటయి.

ఫ్రైడ్ రైస్‌కు పొడిపొడి అన్నం కావాలె. అందుకే పగటీలి వండి తట్టల ఆరబోస్తరు. బియ్యంల ఒక జాతి బ్యాక్టీరియా గింజలెక్క దాక్కోని ఉంటది, వండినా చావది. అన్నం గోరువెచ్చగ గంటలకొద్ది బయట ఉంటే అది పెరిగి విషం ఇడుస్తది. రాత్రి నువ్వు కడాయిల ఎంత ఎగరేసినా బ్యాక్టీరియా చస్తదేమో గాని ఆ విషం పోదు. తిన్నంక గంట నుంచి ఆరు గంటలల్ల కక్కులు. నీకు తిన్న రెండున్నర గంటలకు మొదలైనయి, లెక్క సరిపోయింది.

బండి మీద తినొద్దని నేను చెప్ప. మాకూ రాత్రి డ్యూటీల బండే దిక్కు. పెనం మీద అప్పుడే పోసే దోశ, అప్పుడే కొట్టే ఆమ్లెట్, పుల్కా, గవి తింటం. పొద్దుగాల వండిపెట్టినవి ముట్టం. షవర్మా, మోమోల మీది తెల్ల మయోనైజ్‌తోని గూడ భద్రం, పచ్చి గుడ్డుతోని చేసేదాన్ని 2024 అక్టోబర్ చివర్ల మన సర్కారు ఏడాదిపాటు బంద్ పెట్టింది ఊకెనే కాదు.

గోదారిగట్టు
బుధవారం, ఉదయం 7:10

అక్కా భయపెట్టినవ్. మరి మా నాయినమ్మ రోజూ సద్దన్నమే తింటది కద? ఎనభై ఏండ్లు, గట్టిగనే ఉన్నది.

నైట్‌డ్యూటీ
బుధవారం, ఉదయం 7:48

మీ నాయినమ్మ అన్నంల సల్ల పోసి పెడుతది కద. అది పులుస్తది, పులిసినకాడ ఈ బ్యాక్టీరియా పెరగలేదు. ఉత్త అన్నం తట్టల పెట్టి మూత పెట్టుడు, సల్ల పోసి కుండల పెట్టుడు ఒక్కటి కాదు. కుక్కర్ల రాత్రి అన్నం మిగిలితే పెరుగు కలిపి పెట్టు, పొద్దుగాల ఉల్లిగడ్డతోని తిను. నీ 40 రూపాయల ఇడ్లీ గూడ మిగుల్తది.

బిల్లు చూసేటోడు
బుధవారం, ఉదయం 11:30

ఒక్క ముచ్చట చెప్పి పోత. ఏసీ హాల్ల తింటే బిల్లు కింద మూడు గీతలు చూడు. జీఎస్టీ మామూలు హోటల్‌కు 5 శాతం. కాంపోజిషన్ (అమ్మకాల మీద తక్కువ ట్యాక్స్ ఓనరే కట్టుకునే పద్ధతి) కింద ఉన్న చిన్న హోటల్ అయితే బిల్లు మీద ట్యాక్స్ వసూలు చేసే హక్కే లేదు, ఆ ముక్క బిల్లు మీదనే రాసి ఉండాలె. సర్వీస్ ఛార్జ్ మన ఇష్టం, తీసెయ్యమంటే తీసెయ్యాలె. వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చెయ్యి. నేను ఒకసారి 38 రూపాయల కోసం ఇరవై నిమిషాలు కొట్లాడిన. నాతో వచ్చినోళ్లు సిగ్గుతోని బయట పొయ్యి నిలబడ్డరు. 38 వాపస్ వచ్చినయి, వాటితోనే వాళ్లకు చాయ్ తాపిన.

పాత హాస్టల్
బుధవారం, రాత్రి 9:05

అందరూ రాసినవి చదివాను. నేను 1980ల చివర కాకతీయ యూనివర్సిటీలో చదివాను. అప్పట్లో మా హాస్టల్‌లో డివిడెండ్ మెస్ ఉండేది. నెలాఖరుకు బియ్యం, పప్పు, కూరగాయలు, వంటవాళ్ల జీతాలు అన్నీ కూడి, తిన్నవాళ్ల హాజరుతో భాగించేవారు. లాభం ఎవరికీ లేదు. నెలకొకరు మెస్ సెక్రటరీ. నా వంతు వచ్చిన నెల తెల్లవారుజామున నాలుగింటికి సైకిల్ మీద వరంగల్ కూరగాయల మార్కెట్‌కు వెళ్లాను. మొదటి రోజు బేరం చేతకాక వంకాయలు రెండు బస్తాలు తెచ్చాను. నాలుగు రోజులు వంకాయే. నా గది తలుపు మీద సుద్దముక్కతో వంకాయ బొమ్మ గీశారు, ఊదా రంగు లేక నల్లబొగ్గుతో రంగు వేశారు.

అమ్మా, ఆ పద్ధతి మీరు నలుగురితోనైనా చేయవచ్చు. మీ వరండాలో పక్క గది అమ్మాయిలు ఉంటారు కదా. ఇద్దరికి రెండు కప్పుల కూర కొంటే రెండు రకాలే. నలుగురికి నాలుగు కప్పులు కొంటే పప్పు, కూర, పులుసు, వేపుడు, నాలుగు రకాలు. ఖర్చు అంతే. వారానికి ఒకరు డబ్బు లెక్క చూడండి. వంకాయల విషయంలో మాత్రం జాగ్రత్త.

సుబేదారి అక్క
బుధవారం, రాత్రి 9:20

సారు, గా వంకాయలు గుత్తొంకాయ చేసిండ్రా, పులుసు పెట్టిండ్రా?

పాత హాస్టల్
బుధవారం, రాత్రి 9:26

మొదటి రోజు గుత్తివంకాయ. తర్వాత ఏం చేశారో వంటాయనకే తెలియాలి.

గోదారిగట్టు
ఐదు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 4:50

అందరికి మళ్ల నమస్తే. కోచింగ్‌ల టెస్టులుండి రాయలేకపోయిన. పోయిన ఒకటో తారీకు కెల్లి నెలాఖరుదాక లెక్క నోట్‌బుక్ల రాసిన, చెప్త.

ఓనరమ్మను అడిగినం. "ముందుగాల అడిగినోళ్లు మీరే" అని నవ్వింది. నెలకు 110 ఇస్తే చాలన్నది. కుక్కర్ 1,150, నా వంతు 575. బాపు సంచిల ఆరు కిలోలు కాదు, పన్నెండు పంపిండు. అండ్ల అమ్మ తొక్కు సీసా, కారం పొట్లం, సర్వపిండి వేసుకొమ్మని బియ్యప్పిండి పెట్టింది. సర్వపిండి కుక్కర్ల కాదు కద. పిండి అట్లనే ఉన్నది.

పగటీలి ప్లేట్ మీల్స్ 80, ఇరవై నాలుగు రోజులు, 1,920. రెండోరోజే కౌంటర్ కాడ నిలబడి అడిగిన, టోకెన్ ఇచ్చిండు, ఏం అనలె. ఆటో అన్నా, నువ్వు చెప్పింది నిజమే. పొద్దుగాల టిఫిన్ బండి మీద 30, ఇరవై రెండు రోజులు, 660. మిగతా రోజులు పెరుగన్నం, ఉల్లిగడ్డ. రాత్రికి పక్క రూం ఇద్దరితోని కలిసినం. నలుగురం కలిసి మూడు కప్పులు కొంటే మనిషికి 25 లోపే, నెల మొత్తం 650. పెరుగు, కోడిగుడ్లు 480. చాయ్, మిర్చి 310. మిర్చి బంద్ పెట్టుడు నాతోని కాలె, ఎవలు ఏమనుకున్నా సరే. ఇవన్ని 4,020. కుక్కర్, కరెంట్ల నా వంతు కలిపితే 4,650. అనుకున్నదానికన్న 150 ఎక్కువైంది. వచ్చే నెల కుక్కర్ పైసలు ఉండయి.

మెస్‌ల కూసునే ముచ్చట. రెండు వారాలు పార్సిల్ తెచ్చుకున్నం. ఒకరోజు వాన పడి ఆడనే కూసోవలసి వచ్చింది. నలుగురం పోతే ఒక బల్ల నిండింది, ఎవలు చూస్తున్నరో చూసే పనే లేకపాయె. ఇప్పుడు మేం పోతే వడ్డించే పెద్దాయన "అమ్మలు వచ్చిండ్రు, పెరుగు తెండ్రి" అంటడు.

మొన్న బాపు మిర్చి పట్టుకోని ఎనుమాముల మార్కెట్‌కు వచ్చిండు. రాత్రంత బస్తాల మీద పండుకోని, పొద్దుగాల కాంటా అయినంక నన్ను చూడడానికి వచ్చిండు. మొఖం మీద, చేతుల మీద మిర్చి దుమ్ము, పక్కన కూసుంటే నాకు తుమ్ములే తుమ్ములు. మెస్‌కు తీస్కపోయిన. బాపుకు ఫుల్ మీల్స్, నాకు ప్లేట్. మూడుసార్లు అన్నం పెట్టిచ్చుకున్నడు. పుంటికూర పప్పు రెండుసార్లు. బిల్లు నేను కడుతుంటే నా చేతులకెల్లి గుంజుకోని చూసి, "110 ఏంది, 80 ఏంది, ఒక్క బల్ల మీద రెండు రేట్లేంది?" అన్నడు. ఆటో అన్న చెప్పిన ముచ్చట చెప్పిన. నవ్వి, పెద్దాయనను పిలిచి ఇంకింత సల్ల పోయించుకున్నడు.

మడికొండ ఆటో
ఆదివారం, సాయంత్రం 5:02

బాపుది ఒడుపు. ఫుల్ మీల్స్ తినే తీరు గదే.

పల్నాడు టు కాజీపేట
ఆదివారం, సాయంత్రం 5:30

మూడు కప్పుల్లో పప్పు ఉందా అమ్మా, లేక మూడూ వేపుళ్లేనా?

గోదారిగట్టు
ఆదివారం, సాయంత్రం 5:41

ఒకటి పప్పు, ఒకటి పులుసు, ఒకటి ఎవలి వారమైతే వాళ్ల ఇష్టం. నా వారం ఆలుగడ్డ వేపుడు. గిన్నె అంచు చూసే తీసుకుంటున్న. నిన్న గీత ఉంటే "అన్నా, ఇది పగటీలిదా?" అని అడిగిన, ఆయన నా దిక్కు చూసి ఏం మాట్లాడకుంట లోపలికెల్లి వేరే గిన్నె తెప్పిచ్చిండు.

నాలుగు గిన్నెలు
ఆదివారం, రాత్రి 10:15

చెల్లె, నీది స్టీలు డబ్బా, మూతకు ఎర్ర రబ్బర్ బ్యాండ్ ఉన్నదేనా?

గోదారిగట్టు
ఆదివారం, రాత్రి 10:19

అయ్యో. మీరేనా అన్నా?

నాలుగు గిన్నెలు
ఆదివారం, రాత్రి 10:24

నేనే. గది పగటీలి దొండకాయ, మా పోరడు తెల్వక ముంగట పెట్టిండు. బుధవారం మా చెల్లె బిడ్డ పెండ్లి, షాపు బంద్. మంగళవారం రాత్రి రెండు పూటలకు సరిపడ తీసుకపో, ఫ్రిజ్ లేకపోతే పప్పు వద్దు, నిమ్మకాయ కారం తీసుకో.